తోవ చెప్పిందెవరు?
కొండగట్టు పరిసరాల్లో బడిపిల్లల భవిష్యత్తు – సలహాదారుల చరిత్ర

1

ఒక మాట అర్థం మారిందంటే దాని వెనక సమాజంలోని ఏదో ఒక సంబంధం మారిందనే అనుకోవాలి. ‘కౌన్సెలింగ్’ అనే మాట ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో ఆ మాటకు సలహా చెప్పడమని, ఎదుటివాడి కష్టం విని ధైర్యం చెప్పడమని అర్థం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ మాట తెలియని ఇల్లు ఇప్పుడు లేదు. అయితే అది తెలిసింది ఆ అర్థంలో కాదు. ర్యాంకు కార్డు, కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, స్టడీ సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని పాలిటెక్నిక్ కాలేజీ ముందు వరసలో నిలబడడం కౌన్సెలింగ్. ఉపాధ్యాయుల బదిలీలప్పుడు సీనియారిటీ జాబితా ముందు పెట్టి ఊరు కోరుకొమ్మనడం కౌన్సెలింగ్. కుర్రవాళ్లను పోలీసు స్టేషన్‌కు పిలిపించి ఇకముందు బుద్ధిగా ఉండమని హెచ్చరించి పంపడం కూడా కౌన్సెలింగే.

ఈ మూడింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. బల్లకు అవతల కూర్చున్నవాడు వినడు. ఇవతల నిలబడ్డవాడు మాట్లాడడు. అంటే ఆ మాట మన దగ్గరికి వచ్చేటప్పటికే దాని ప్రాణం పోయింది, పొట్టు మిగిలింది. ఇది కేవలం భాషా విషయమైతే నిఘంటుకారులకు వదిలేయవచ్చు. పదిహేనేళ్ల పిల్లవాడు, పదో తరగతి పరీక్షలు రాసి వచ్చి ఇంటి అరుగు మీద కూర్చున్న పిల్లవాడు, తన బతుకు ఏ వైపు తిరగాలో తేల్చుకోవలసిన పిల్లవాడు ఎవరిని అడగాలి అన్నది మాత్రం చరిత్రకు సంబంధించిన ప్రశ్న. విద్య మీద మన సాహిత్య విమర్శకులు రాసినదంతా మాధ్యమం, పాఠ్యాంశాలు, ఫీజుల చుట్టూ తిరిగింది. సలహా మీద, సలహాదారు మీద, అతడి ప్రయోజనాల మీద దాదాపు ఏమీ రాయలేదు.

ఈ పరిశీలనకు కొండగట్టునే ఎంచుకోవడానికి కారణం ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద, ముత్యంపేట దగ్గర ఉన్న ఈ ఆంజనేయస్వామి గుట్ట మనసు చెదిరినవాళ్లను తీసుకొచ్చి నలభై రోజులు ఉంచే చోటుగా తరతరాలుగా పేరుపడింది. ఆ గుట్టకు దగ్గర్లోనే కొడిమ్యాల మండలం నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2007లో తన జగిత్యాల ఇంజనీరింగ్ కళాశాలను పెట్టింది. ఒకటి దిక్కుతోచని మనిషి ఆఖరుకు చేరే చోటు, రెండోది ఈ కాలపు ఆశలన్నీ చూపు నిలిపిన చోటు. ఈ రెండింటికీ మధ్య కొద్ది దూరమే ఉన్నా, ఆ దూరం నడవడానికి ఈ ప్రాంతానికి వందేళ్లు పట్టింది. ఆ వందేళ్లలో తోవ చెప్పినవాళ్లెవరో, ఎందుకు చెప్పారో చూద్దాం.

2

నిజాం పాలనలోని తెలంగాణ పల్లెలో ‘ముందేమిటి’ అన్న ప్రశ్న చాలామంది పిల్లలకు అసలు లేదు. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర కూర్చుంటాడు. సాలె కొడుకు మగ్గం గుంటలో దిగుతాడు. వెట్టివాడి కొడుకు వెట్టికి, జీతగాడి కొడుకు జీతానికి పోతారు. పుట్టుకే సలహాదారు. ఆ సలహాకు తిరుగులేదు. పై వర్గాల్లో కూడా తీరు పెద్ద భిన్నమైంది కాదు. పట్వారీగిరీ, మాలీపటేలు, పోలీసుపటేలు పదవులు వంశపారంపర్యంగా సంక్రమించేవే. కాబట్టి పట్వారీ కొడుకు లెక్కలు, దస్తావేజులు నేర్చుకుంటే చాలు. ఈ వారసత్వ గ్రామాధికార వ్యవస్థ 1984లో గాని రద్దు కాలేదన్నది గుర్తుంచుకోవాలి. అంటే పుట్టుకే నౌకరీని నిర్ణయించే పద్ధతి చట్టరీత్యా ఈ ప్రాంతాన్ని వదిలి ఇంకా అర్ధశతాబ్దం కూడా కాలేదు.

బడికి పోగలిగిన కొద్దిమందికి మొదటి అడ్డంకి భాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించింది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య సాధ్యమని నిరూపించిన ఆ ప్రయోగం గొప్పదే. కాని అది రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష కాదు. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి డిగ్రీదాకా ఉర్దూలోనే చదివి, ఆ తర్వాత తెలుగులో ఎం.ఏ. చేశారు. ఆయన కవి కావడానికి బడి కారణం కాదు. బడి బయట విన్న హరికథలూ జానపదాలూ కారణం. తెలుగు పిల్లవాడికి తన భాషలో నువ్వేం కాగలవని చెప్పేవాళ్లు బడి గోడల లోపల లేరని దీనివల్ల తెలుస్తుంది.

ఆ పనిని బయటివాళ్లు చేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కావాలని అడిగింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. గ్రంథాలయోద్యమాన్ని మనం సాంస్కృతిక పునరుజ్జీవనంగానో రాజకీయ చైతన్యానికి తొలిమెట్టుగానో మాత్రమే చూస్తున్నాం. పుస్తకం కోసం వచ్చిన కుర్రవాడికి ఏ పరీక్షకు కట్టాలి, పట్నంలో ఏ హాస్టల్లో చోటు దొరుకుతుంది, దరఖాస్తు ఎట్లా రాయాలి అని చెప్పినవాళ్లు కూడా ఆ గ్రంథాలయాల్లోని పెద్దలే. హైదరాబాదులోని రెడ్డి హాస్టలు మొదలైన కులవసతి గృహాలు కూడా ఇదే పని చేశాయి. అయితే వాటి పరిమితి వాటి పేర్లలోనే ఉంది. ఏ కులానికి హాస్టలు కట్టే స్తోమత ఉందో ఆ కులం పిల్లలకే తోవ కనబడింది. గుడిసెల వాడలోని పిల్లవాడికి పట్నంలో తన పేరుమీద ఒక తలుపు లేదు.

1938 వందేమాతర ఉద్యమం ఈ కథలో ఒక మలుపు. ఉస్మానియా హాస్టళ్లలో ఆ గీతం పాడినందుకు వందలాది విద్యార్థులను బహిష్కరించారు. వాళ్లకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు కూడా ఆ తరంలోని వాడే. సరిహద్దు దాటి చదువుకోవచ్చునన్న కబురు ఒక విద్యార్థి నుంచి మరో విద్యార్థికి చేరింది. సర్కారు మూసిన తోవను విద్యార్థులే ఒకరికొకరు తెరిచారు. వంశం చెప్పిన సలహా కాదిది, కులం చెప్పిన సలహా కూడా కాదు. ఉద్యమం చెప్పిన మొదటి సలహా.

3

ఆ తర్వాతి కొద్ది ఏళ్లలో, ఆదిలాబాదు అడవుల్లో మరో ప్రయోగం జరిగింది. మన విద్యాచరిత్రలు దాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి గాని, ఈ చర్చకు అది చాలా ముఖ్యమైంది.

1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమును, ఆయన సహచరులను నిజాం బలగాలు కాల్చిచంపాయి. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొనేందుకు ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను వినియోగించింది. ఆయన సూచనతో 1943లో మార్లవాయి కేంద్రంగా గోండు విద్యాపథకం ప్రారంభమైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారుచేశారు. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి వాళ్లను ఊళ్లలో పంతుళ్లుగా నియమించారు. బయటి పంతులు అడవికి రాడని, వచ్చినా ఉండడని, ఉన్నా పిల్లల భాష తెలియదని అనుభవం చెప్పింది కాబట్టే ఈ పద్ధతి.

ఇందులో గమనించవలసింది భాష ఒక్కటే కాదు. ఆ చదువు మొదటినుంచీ ఒక నిర్దిష్టమైన పనికి ముడిపడి ఉంది. చదివినవాడు పంతులు కావచ్చు, గ్రామాధికారి కావచ్చు, అడవి శాఖలో చేరవచ్చు. అంటే ఇన్నాళ్లూ గోండును దోచుకున్న పట్వారీ, జంగ్లాత్ జవాను కుర్చీల్లోకి గోండు పిల్లవాడే పోవచ్చు. చదువు ఎందుకు అన్న ప్రశ్నకు ఆ ఊళ్లలో అందరికీ కనబడే జవాబు ఉంది. అది పాలకుల దయ అనుకోవడం పొరపాటు. జోడేఘాట్‌లో రక్తం కారకపోతే మార్లవాయిలో బడి పుట్టేది కాదు. ఆ పథకం ఒక సంస్థానాధీశుని ప్రభుత్వం తిరుగుబాటును చల్లార్చడానికి వేసిన ఎత్తుగడ అన్నదీ నిజమే. అయినా చదువునూ జీవనోపాధినీ స్థానిక భాషనూ ఒకచోట కలిపిన ప్రయత్నం మన ప్రాంతంలో అంత స్పష్టంగా మళ్లీ జరగలేదు. తర్వాతి ప్రభుత్వాలు ఆశ్రమ పాఠశాలలు కట్టాయి గాని, గోండీ వాచకాన్ని వదిలేశాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద కాల్పులు జరిగేనాటికి, అడవి పిల్లవాడికి చదువు మళ్లీ పరాయిదే అయింది.

4

స్వాతంత్ర్యానంతరం ఢిల్లీలో మంచి మాటలకు కొదవలేదు. 1952–53 నాటి మొదలియార్ కమిషన్ సెకండరీ విద్యను పరిశీలించి, పిల్లల అభిరుచులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి బహుళార్థసాధక పాఠశాలలు పెట్టాలని, వాటిలో విద్యార్థికి విద్యావృత్తి మార్గదర్శనం చేసే ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. 1954లో ఢిల్లీలో ఇందుకోసం ఒక కేంద్ర కార్యాలయం కూడా ఏర్పడింది. 1964–66 కొఠారీ కమిషన్ ఇంకా ముందుకు వెళ్లి, మార్గదర్శనం విద్యలో అంతర్భాగం కావాలంది. ప్రతి బడిలో ఒక సలహాదారును పెట్టే శక్తి దేశానికి లేదని గుర్తించి, కనీసం పది హైస్కూళ్లకు ఒక సలహాదారు తిరుగుతూ ఉండాలని సూచించింది.

పది బళ్లకు ఒక్కరు! ఇది గొంతెమ్మ కోరిక కాదు. మండలానికి ఒకరు చొప్పున వేసినా తీరే ఖర్చు. ఆ సూచన వచ్చి అరవై ఏళ్లు కావస్తోంది. మల్యాల, కొడిమ్యాల, గంగాధర, పెగడపల్లి – ఈ పరిసర మండలాల సర్కారు బళ్లలో చదివిన ఏ తరాన్ని అడిగినా అట్లాంటి ఉద్యోగి ఒకడు ఉంటాడన్న ఊహ కూడా వాళ్లకు లేదు. డ్రిల్లు మాస్టరు ఖాళీనే నింపని చోట సలహా మాస్టరును అడిగేదెవరు?

ఈలోగా తెలంగాణ యువకుల ముందు ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిన్నటిదాకా ఉర్దూలో చదివినవాడు ఒక్కసారిగా నిరక్షరాస్యుడితో సమానమయ్యాడు. ఉపాధ్యాయ ఉద్యోగాలకు బయటి ప్రాంతాలవాళ్లు వచ్చారన్న అసంతృప్తితో 1952లో వరంగల్‌లో రాజుకున్న ముల్కీ ఆందోళన హైదరాబాదులో కాల్పులదాకా పోయింది. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు – ఈ వరసనంతా మనం రాజకీయ చరిత్రగా చదువుతాం. పదో తరగతి పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఇదంతా ‘చదివితే నాకు నౌకరీ వస్తుందా’ అన్న ఒకే ప్రశ్నకు సంబంధించిన చరిత్ర.

అందులో ఒక చిన్న వివరం చూడండి. 1975 ఉత్తర్వు ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాలను కలిపి అయిదో జోను చేసింది. వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడన్న నియమం పెట్టింది. కాబట్టి పిల్లవాణ్ని దూరప్రాంతపు హాస్టల్లో వేసిన తండ్రి, తెలియకుండానే వాడి స్థానికతను కూడా అక్కడ పడేసి వచ్చే ప్రమాదం ఉండేది. స్థానికతకు 2018లో కొత్త ఉత్తర్వు వచ్చింది, లెక్క మారింది. ఇట్లాంటి నియమాలు తెలిసిన ఇంట్లో అవి ఆస్తి. తెలియని ఇంట్లో అవి కనబడని కంచె. ఎవరో ఒకరు ఊరికి వచ్చి చదివి వినిపిస్తే ఆ కంచె సగం కూలేది. ఆ పని చేయవలసిన మనిషి కొఠారీ నివేదికలోనే మిగిలిపోయాడు.

5

1969–70లో మన రాష్ట్రంలో పి.యు.సి. పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో దానికి వేరే బోర్డు ఏర్పడింది. ఈ మార్పుతో పదిహేనేళ్ల వయసు ఒక నాలుగుబాటలకూడలి అయింది. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. – ఈ మూడేసి అక్షరాల్లో ఏది రాస్తే ఏది మూసుకుపోతుందో తెలియని పిల్లవాడు, పక్కవాడు ఏది రాస్తే అదే రాశాడు. దగ్గరి కాలేజీలో ఏ గ్రూపు ఉంటే అదే వాడి అభిరుచి.

ఆ సంధిలో ఈ ప్రాంతపు పిల్లలకు నలుగురు సలహాదారులు ఎదురయ్యారు.

మొదటిది బొగ్గుబాయి. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం చుట్టూ సింగరేణి గనులున్నాయి. తట్ట, చెమ్మస్ పట్టగలిగితే నెలజీతం. తండ్రి బాయిలో ఉంటే కొడుక్కీ ఆశ. రామగుండంలో ఎరువుల కర్మాగారం, థర్మల్ కేంద్రం రావడంతో ఐ.టి.ఐ. చదువుకు విలువ వచ్చింది. కాని ఆ ఎరువుల కర్మాగారమే 1999లో మూతపడింది, మళ్లీ తెరిచేసరికి 2021 వచ్చింది. ఆ ఇరవై రెండేళ్లలో ఫిట్టరో వెల్డరో అయిన పిల్లవాడికి చెప్పిన సలహా అబద్ధమైపోయింది. సలహా చెప్పినవాడి తప్పు కాదది. పరిశ్రమను ఉంచాలా మూయాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న అది.

రెండో సలహాదారు గల్ఫ్ ఏజెంటు. 1973లో చమురు ధర పెరిగిన తర్వాత ఎడారి దేశాలకు కూలీలు కావలసి వచ్చారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల నుంచి వలస మొదలైంది. పది తప్పినవాడికి దుబాయి తోవ అన్నది సామెతలా స్థిరపడింది. ఏజెంటు ఇంటికి వచ్చి కూర్చుంటాడు, తల్లితో మాట్లాడతాడు, అప్పు ఎక్కడ పుడుతుందో కూడా చెబుతాడు. విజిట్ వీసాకు, పని వీసాకు తేడా మాత్రం చెప్పడు. వాణ్ని తిట్టడం సులువు. వాడు తప్ప ఆ గడప తొక్కి ‘మీవాడి సంగతేంది’ అని అడిగినవాడు ఇంకొకడు లేడన్నది అసలు నేరం.

మూడోది ఆడపిల్లలకు సంబంధించింది – తునికాకు, జర్ద, చాట. పొద్దస్తమానం బీడీలు చుట్టే ఇళ్లలో బడి మానిన పిల్లకు మొదటి సలహా చాట ముందు కూర్చోవడమే. కార్ఖానాలో పేరు నమోదై పి.ఎఫ్. ఉంటే పెళ్లి సంబంధానికి కూడా బలం. అన్న ఇంటర్ ఫీజుకు చెల్లె బీడీ డబ్బు కట్టిన ఇళ్లు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని. ‘ముందేమిటి’ అన్న ప్రశ్నను అన్నకు వేసినట్టు చెల్లెకు వేయలేదు. సర్కారు బళ్లలో ఆడపిల్లల మార్కులు మగపిల్లల మార్కులను దాటిపోతున్న ఈ రోజుల్లో కూడా పది దాటాక ఆ ప్రశ్నకు జవాబు పెళ్లిచూపుల్లో తేలుతున్నది.

నాలుగో సలహాదారు ఉద్యమం. 1975లో ఏర్పడ్డ రాడికల్ విద్యార్థి సంఘం 1978 వేసవిలో విద్యార్థులను గ్రామాలకు పంపింది. అదే ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. కొద్ది వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. చదువుకున్నవాడు తన ఒక్కడి నౌకరీ గురించి కాకుండా ఊరందరి బతుకు గురించి ఆలోచించాలన్నది ఆ సలహా. వంశం, కులం, బాయి, ఏజెంటు చెప్పిన సలహాలన్నీ ‘నువ్వేం కావాలి’ అన్నదగ్గర ఆగాయి. ఇది ‘మనం ఏం కావాలి’ అని అడిగింది. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ నవల ఆ కాలపు పల్లెను పట్టుకుంది. ఆ సలహా విన్న వాళ్లలో చాలామంది ప్రాణాలే ఇచ్చారు. వాళ్లను కీర్తించడానికో నిందించడానికో పరిమితమైతే చరిత్ర పూర్తికాదు. ఆ తోవకు ఎందుకు వచ్చారంటే, మిగిలిన తోవలన్నీ ఎక్కడికి పోతాయో వాళ్లు చూశారు కాబట్టి అన్న నిజాన్ని కూడా రాసుకోవాలి.

6

1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఇంజనీరింగు, వైద్యవిద్యలకు ఉమ్మడి ప్రవేశపరీక్ష స్థిరపడింది. డబ్బున్నవాడు సీటు కొనుక్కునే పద్ధతికి అది ఒక అడ్డుకట్ట. సర్కారు బడిలో తెలుగులో చదివిన పిల్లవాడు కూడా ర్యాంకు తెచ్చుకుంటే పెద్ద చదువులోకి పోవచ్చన్న ఆశను అది కలిగించింది. ఆ ఆశ అబద్ధం కాదు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేలులో మొదలైన గురుకుల విద్య ఆ తోవలో వందలాది పేదపిల్లలను ముందుకు పంపింది.

కాని ప్రవేశపరీక్ష ఒక ఫలితమిస్తే, దాని చుట్టూ పుట్టిన వ్యాపారం మరో ఫలితమిచ్చింది. పరీక్ష ఒకటే కావడంతో చదువంతా ఆ పరీక్ష కోసమే అయింది. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు పుట్టాయి. 1990ల నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగాయి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించడంతో ఇంతకుముందు ఊహించని ఇళ్లనుంచి కూడా ఇంజనీర్లు వచ్చారు. ఇది మంచే. అదే సమయంలో పదో తరగతి పిల్లవాడు ఒక సరుకయ్యాడు. ఫలితాలు రాకముందే కాలేజీల మనుషులు ఊళ్లమీదికి వస్తారు. ‘పీ.ఆర్.ఓ.’ అని వాళ్లకు పేరు. చేతిలో రంగుల కాగితం, నోట్లో రాయితీ మాట. వాళ్లకు పిల్లల పేర్లు, ఫోను నంబర్లు ఎక్కడినుంచి అందుతాయన్నది మన వృత్తిలోనివాళ్లం సిగ్గుతో తలవంచుకోవలసిన విషయం. సర్కారు పెట్టని సలహాదారును బజారు పెట్టింది. ఖాళీగా ఉన్న కుర్చీలో ఎవడో ఒకడు కూర్చుంటాడు.

ఇక్కడే సలహాకు ఒక గీటురాయి దొరుకుతుంది. చెప్పినవాడికి ఆ సలహావల్ల లాభం ఉందా? పాత గ్రంథాలయ కార్యదర్శికి లేదు. నాగపూర్‌కు కబురు పంపిన విద్యార్థికి లేదు. ఏజెంటుకు ఉంది. పీ.ఆర్.ఓ.కు ఉంది. నిన్ను డాక్టరు చేస్తామని చెప్పేవాడికి, నీకు చిత్రలేఖనం వస్తుందనో, పశువైద్యం నప్పుతుందనో, జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉందనో చెప్పే అవసరం ఉండదు. వాడి దగ్గర ఉన్నవి రెండే గ్రూపులు.

2008లో బాసరలో వచ్చిన ఐ.ఐ.ఐ.టి. ఈ బజారుకు ఒక జవాబుగా మొదలైంది. ప్రవేశపరీక్ష లేదు. పదో తరగతి ఫలితాలే ఆధారం. సర్కారు బడుల పిల్లలకు 0.4 అదనపు పాయింట్లు కలిపారు. అంటే వెనకబాటును లెక్కలోకి తీసుకొని తోవ చూపించారు. ఊరి హైస్కూలు హెడ్మాస్టరు ఏ పీ.ఆర్.ఓ. సాయం లేకుండా తన పిల్లలకు చెప్పగల సలహా అది. అయితే 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు సౌకర్యాల కోసం, పూర్తికాలపు వైస్‌చాన్సలర్ కోసం రోజుల తరబడి ఎండావానల్లో బైఠాయించవలసి వచ్చింది. తోవ చూపితే చాలదు. ఆ తోవ పొడుగునా నీళ్లూ నీడా ఉన్నాయా లేదా అన్నది కూడా చూసుకోవాలని ఆ పిల్లలు పాలకులకు పాఠం చెప్పారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు యంత్రానిదా, అధికారులదా అన్న చర్చ చాలా జరిగింది. ఒక మార్కుల కాగితం తప్పితే బతుకే లేదని ఆ పిల్లలకు ఎవరు నేర్పారన్నది జరగవలసిన చర్చ. ఫలితం వచ్చిన రోజు రాత్రి ఒక్క మనిషి పక్కన కూర్చొని ‘ఇది కాకపోతే ఇంకోటుంది’ అని నమ్మకంగా చెప్పి ఉంటే అన్న ఆలోచన ఏ ఉపాధ్యాయుణ్నీ నిద్రపోనివ్వదు. ఆ మనిషి లేనిచోట జనం కొండగట్టు ఎక్కారు, ఇంకా ఎక్కుతున్నారు. దాన్ని మూఢనమ్మకమని తేల్చేసే ముందు, గుట్టమీద కనీసం నలభై రోజులు పక్కన ఉండే తల్లో తండ్రో ఉంటారని, గుట్ట కింద మన సంస్థల్లో నలభై నిమిషాలు వినేవాడు లేడని ఒప్పుకోవాలి.

7

ప్రగతిశీల శిబిరంలో ఒక వాదన ఉంది. ఉద్యోగాలే లేని వ్యవస్థలో సలహాలు మోసం. లోపం సమాజంలో ఉంటే దాన్ని పిల్లవాడి అభిరుచిలో వెతకడం బూర్జువా మనస్తత్వశాస్త్రం. ఈ వాదనలో సగం నిజముంది. ఇరవై రెండేళ్లు మూతపడ్డ కర్మాగారాన్ని ఏ సలహాదారూ తెరవలేడు. వృత్తివిద్య వైపు ఇంతశాతం పిల్లలను మళ్లించాలని కొఠారీ కమిషన్ నుంచి 1986 జాతీయ విద్యావిధానం దాకా లక్ష్యాలు ప్రకటించినవాళ్లు, ఆ ‘మళ్లించవలసిన’ పిల్లలు ఎవరి పిల్లలన్నది ఎన్నడూ చెప్పలేదు. పేదవాడి కొడుక్కి ‘నీకు చేతిపనే నప్పుతుంది’ అని చెప్పడానికి సలహాదారు అక్కరలేదు, మనుధర్మం చాలు.

మిగతా సగం మాత్రం నిజం కాదు. సమాచారం కూడా సంపదే. అదీ భూమిలాగే కొందరి చేతుల్లో పోగుపడింది. ఉద్యోగస్థుడి ఇంట్లో పిల్లవాడికి భోజనాల దగ్గర ఉచితంగా దొరికే మాట, కూలివాడి పిల్లవాడికి డబ్బిచ్చినా దొరకదు. భూమి పంచాలన్నవాళ్లు ఈ సంపద పంచాలని ఎందుకు అనరు? గ్రంథాలయోద్యమం చేసింది ఈ పంపకమే. మార్లవాయి చేసింది ఈ పంపకమే. వ్యవస్థ మారేదాకా ఈ ఏటి పదో తరగతి పిల్లలను ఆగమనలేం. వాళ్లకు వచ్చే జూన్‌లోగా జవాబు కావాలి.

ఇక సాహిత్యం సంగతి. తెలుగు సాహిత్యంలో విద్యార్థికి సలహా చెప్పిన మొదటి గొప్ప పాత్ర గిరీశం. 1897లో అచ్చయి 1909లో మారిన రూపంలో వచ్చిన ‘కన్యాశుల్కం’లో, పరీక్ష తప్పిన వెంకటేశం తండ్రి కోపం నుంచి తప్పించుకోవడానికి గిరీశాన్ని వెంటబెట్టుకొని అగ్రహారం పోతాడు. గిరీశం తన అప్పులవాళ్ల నుంచి తప్పించుకోవడానికి వెంట వెళతాడు. శిష్యుడి అజ్ఞానం గురువుకు జీవనోపాధి. చదువుకు ఖర్చు పెట్టే తండ్రికి ఆ చదువేమిటో తెలియదు. ఈనాటి పీ.ఆర్.ఓ.ను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఆ తర్వాత కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల సుందరం అనే కుర్రవాడి ద్వారా, ఎందుకు చదువుతున్నదీ తెలియని మధ్యతరగతి చదువును నిలువునా చూపింది. ఈ రెండూ కోస్తా బ్రాహ్మణ కుటుంబాల కథలు. వాటి విలువ తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. సర్కారు హాస్టల్లో దొడ్డుబియ్యం తిని, తెలుగు మీడియంలో పది దాటి, ఇంగ్లీషు మీడియం ఇంజనీరింగులో మొదటి ఏడాది నోరు మెదపలేకపోయిన పిల్లవాడి ‘చదువు’ ఇంకా ఆ స్థాయిలో రావలసి ఉంది. అన్న ఫీజు కట్టిన బీడీల చెల్లె నవల రావలసి ఉంది. పీ.ఆర్.ఓ.గా తిరుగుతున్నవాడు కూడా నౌకరీ దొరకని ఎం.ఏ., బి.ఎడ్. పట్టభద్రుడే అన్న విషాదాన్ని పట్టుకొనే కథ రావలసి ఉంది. గిరీశాన్ని గురజాడ ఊరికే తిట్టి వదల్లేదు. వాణ్ని తయారుచేసిన సమాజాన్ని చూపించాడు.

రాసేవాళ్లకూ సాహిత్య విద్యార్థులకూ ఒక పని కూడా ఉంది, అది రచన కన్నా చిన్నదేమీ కాదు. మనలో చాలామంది ఏదో ఒక సర్కారు బడిలో చదివి, ఎవరో చెప్పిన ఒక మాటతో ఈ తోవకు వచ్చినవాళ్లం. ఏటా ఏప్రిల్, మే నెలల్లో పీ.ఆర్.ఓ. ఊళ్లోకి రాకముందే మనం ఆ బడికి పోవచ్చు. ఏ గ్రూపు ఏ తలుపు తెరుస్తుందో, ఏ సర్టిఫికెట్టు ఎప్పుడు తీసుకోవాలో, ఏ చదువు సర్కారు ఖర్చుతో దొరుకుతుందో ఒక పూట కూర్చొని చెప్పవచ్చు. చెప్పే ముందు వినవచ్చు. సంఘాలు, గ్రంథాలయాలు ఒకనాడు చేసిన పనే ఇది. పది బళ్లకు ఒకరన్న అరవై ఏళ్లనాటి సూచనను అమలు చేయమని ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు, ఆ పనిని తమ ఊళ్లో మొదలుపెట్టినవాళ్లకు మరింత గట్టిగా ఉంటుంది.